హాస్టల్ టీముల చేత రౌండ్లు కొట్టించడం ఆపి, ట్రాన్సిషన్ నేర్పండి



కాస్త పొడుగ్గానే రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి. మన గ్రూపులో స్కాలర్‌షిప్పుల మీద, నోటిఫికేషన్ల మీద, జీవోల మీద చాలా పోస్టులు వస్తాయి. ఆటల మీద వస్తే మాత్రం కప్పు పట్టుకున్న ఫొటో, కింద "మనవాళ్లు అదరగొట్టారు" అని ఒక లైను, అంతే. మన హాస్టల్ పిల్లలకి ఆట ఎలా నేర్పుతున్నారు, అసలు నేర్పుతున్నారా అనే సంగతి ఎవరూ రాయడం లేదు. మేము పాడేరు, అరకు వైపు మండలాల నుంచి వచ్చి టౌన్లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్లం. మాలో చాలామంది ఇళ్లలో కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. పొద్దున్న అయిదున్నరకి లేచి బాస్కెట్‌బాల్ ఆడతాం. ఈ పోస్టు దాని గురించే.

మీరందరూ విన్న మాటే ఒకటి చెప్తాం. ఏ టోర్నమెంటుకి వెళ్లినా స్టేజీ మీద పెద్దాయన ఒకరు మైకు పట్టుకుని, "అడవి బిడ్డలు, కొండలెక్కి దిగిన కాళ్లు, వీళ్లకి పరుగు నేర్పక్కర్లేదు, రక్తంలోనే ఉంది" అంటారు. అందరూ చప్పట్లు కొడతారు. మనమూ కొడతాం, పొగడ్తే కదా అని. కానీ రక్తంలోనే ఉందని నమ్మినవాళ్లు ఇంక నేర్పేదేముంటుంది? టీములోకి మన పిల్లాణ్ని తీసుకుంటే సైడు లైను పక్కన పెట్టి "నువ్వు పరిగెత్తు, బాల్ వస్తే లేఅప్ వెయ్యి" అంటారు. బాల్ పైకి తెచ్చే పని, ఎవరికి ఇవ్వాలో ఎప్పుడు ఆగాలో తేల్చే పని, అంటే పాయింట్ గార్డ్ పని, వేరేవాళ్లకి పోతుంది. మా తమ్ముడొకడు బాల్ నేను తెస్తానంటే ఒక కోచ్ గారు "నువ్వు ఆలోచించకు, నువ్వు ఉరుకు చాలు" అన్నారు. కాళ్లు మనవి, తలకాయ వాళ్లది అన్నమాట. ఆయన మంచివారే, తిట్టాలని అనలేదు. కానీ ఆ మాట మాలో ఎవరూ మర్చిపోలేదు.

అందుకే ఈ పోస్టు. ట్రాన్సిషన్ అనేది బాస్కెట్‌బాల్‌లో పరుగు ఎక్కువ కనిపించే భాగం. కాబట్టి అది మనకి పుట్టుకతో వచ్చేస్తుందని అందరూ అనుకుంటారు. మా అభిప్రాయం దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆటలో నేర్పితే తప్ప రాని భాగం ఏదైనా ఉంటే అది ఇదే.

తెలియని తమ్ముళ్ల కోసం రెండు ముక్కలు. బాల్ మన చేతికొచ్చిన క్షణం నుంచి ఎదుటివాళ్లు సర్దుకుని నిలబడేలోపు మనం చేసేది ట్రాన్సిషన్ అఫెన్స్. బాల్ మన చేతి నుంచి పోయిన క్షణం నుంచి మనం సర్దుకునేదాకా చేసేది ట్రాన్సిషన్ డిఫెన్స్. ఊళ్లో కబడ్డీ ఆడినవాళ్లకి ఇది కొత్త కాదు. ఎదుటివాడు కూతకొచ్చి వెనక్కి వెళ్తుంటే వాడి వెనకాలే మనవాడొకడు కూత అందుకుని ఉరుకుతాడు చూడండి. అటువైపు వాళ్లు అప్పటిదాకా పట్టుకోవడానికి చేతులు చాపి ఉంటారు. తమ మీదికే ఒకడొస్తున్నాడని తెలిసేలోపు ఇద్దరికి తగిలించి వచ్చేస్తాడు. వాడికి పాయింట్లు తెచ్చింది కాళ్ల వేగం ఒక్కటే కాదు, వాళ్లింకా మారలేదు అని అందరికన్నా ముందు కనిపెట్టిన బుర్ర. బాస్కెట్‌బాల్‌లో ఈ మారడం మ్యాచంతా నడుస్తూనే ఉంటుంది. ప్రతి రీబౌండుకీ, ప్రతి స్టీలుకీ, బుట్ట పడ్డాక కింది లైను నుంచి బాల్ లోపలికి వేసిన ప్రతిసారీ.

కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. బాల్ చేతికొచ్చాక 8 సెకన్లలో సగం కోర్టు దాటించాలి, 24 సెకన్లలో షాట్ వెయ్యాలి. 2000 నుంచి అంతర్జాతీయ ఆటలో ఈ లెక్కలే. అంతకుముందు 10, 30 ఉండేవి. రూల్సే ఆటని వేగం వైపు తోశాయి. ఈ 28 మీటర్లలో ఎంత బలమైనవాడైనా బాల్ కొట్టుకుంటూ వెళ్లేలోపు సరిగ్గా వేసిన ఒక్క పాస్ ముందు చేరిపోతుంది. కాబట్టి ఫాస్ట్ బ్రేక్‌లో మొదట పరిగెత్తాల్సింది బాల్, తర్వాతే మనిషి.

వీడియోలు చూసే అలవాటున్నవాళ్లకి ఫీనిక్స్ సన్స్ టీము తెలుసు. 2003-04లో 29 మ్యాచులు గెలిచినవాళ్లు, స్టీవ్ నాష్ వచ్చాక 2004-05లో 62 గెలిచారు. కోచ్ మైక్ డాంటోని వాళ్లని ఎదుటి డిఫెన్స్ నిలబడకముందే షాట్ వేసేలా ఆడించాడు. నాష్ ఆ లీగులో గొప్ప పరుగువీరుడేం కాదు, ఎగిరేవాడూ కాదు. తల పైకెత్తి ఆడేవాడు, ఎవరు ఎక్కడ ఖాళీగా ఉంటారో ముందే చూసేవాడు. అంతకన్నా పాత కథ ఇంకొకటి. 1963-64లో అమెరికాలో యూసీఎల్ఏ కాలేజీ టీము, కోచ్ జాన్ వుడెన్, 30 మ్యాచులాడి 30 గెలిచింది. మొదటి అయిదుగురిలో ఆరడుగుల అయిదంగుళాలు దాటినవాడు లేడు. అక్కడి లెక్కలో అది పొట్టి టీమే. కోర్టంతా ప్రెస్ చేసి, బాల్ లాక్కుని, పొడుగువాళ్లు బుట్ట దగ్గరికి చేరకముందే పని కానిచ్చేవాళ్లు. సెలక్షన్లలో "హైట్ లేదమ్మా" అనిపించుకుని వచ్చిన మన పిల్లలకి ఈ కథ చెప్పాలి.

ఇంక మన దగ్గర ఇది ఎందుకు రావడం లేదంటే, దానికి ఒక చాలా మామూలు కారణం ఉంది. మా గ్రౌండులో ఒక్కటే రింగు. రెండో వైపు స్తంభం ఉంది, బోర్డు ఊడిపోయింది, రింగు ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తు లేదు. మేము కలిసిన వేరే హాస్టళ్ల పిల్లలూ చాలామంది ఇదే చెప్పారు. ఒక్క రింగుతో ఆడేది హాఫ్ కోర్టు. హాఫ్ కోర్టులో బాల్ చేతులు మారితే ఏం చేస్తాం? గీత దాకా వెళ్లి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలెడతాం. అంటే ఆటలో అతి ముఖ్యమైన క్షణంలో ఆగడం అలవాటవుతుంది. రోజూ, సంవత్సరాల తరబడి. తర్వాత యూనివర్సిటీ సెలక్షన్లకి వెళ్తే అక్కడ ఫుల్ కోర్టు. షాటింగు బాగున్న పిల్లాడు కూడా బాల్ పోయాక అర సెకను నిలబడిపోతాడు. చూసేవాళ్లు "వీడికి ఆట తెలియదు" అని రాసుకుంటారు. ఆ సర్టిఫికెట్టు మీద స్పోర్ట్స్ కోటా సీటు, రేపు ఉద్యోగం ఆధారపడి ఉంటాయి. రింగు లేకపోవడం ఒక పిల్లాడి చేతకానితనంగా రికార్డవుతుంది. మాకు కోపం తెప్పించేది ఇదే.

మరి రింగు వచ్చేదాకా ఏం చెయ్యాలి? మేము చేస్తున్నది చెప్తాం, నచ్చితే తీసుకోండి.

రెండో స్తంభానికి రంగుతో చతురస్రం గీశాం. పరిగెత్తి వచ్చి లేఅప్ వేసినట్టే వేసి బాల్ ఆ గీతల్లో తగిలిస్తే బుట్ట కింద లెక్క. నవ్వొచ్చేలా ఉంటుంది గానీ పనికొస్తుంది. ఇప్పుడు రెండు వైపులా వెళ్లాల్సిందే, ఆగడం లేదు. వెల్డింగ్ షాపులో ఇనప చువ్వ వంచి రింగు చేయించుకోవచ్చు కూడా. లోపలి వెడల్పు 45 సెంటీమీటర్లు, నేల నుంచి ఎత్తు 3.05 మీటర్లు. స్తంభం పాతదైతే రింగు పట్టుకుని వేలాడకండి.

అఫెన్స్ వైపు చెప్పేది తక్కువే. రీబౌండు పట్టినవాడు బాల్ కిందికి దించకుండా, ఒక్కసారి కూడా నేలకి కొట్టకుండా, సైడు లైను వైపు తిరిగి పాస్ ఇవ్వాలి. అందుకునేవాడు ముందే అక్కడ ఉండాలి, వీపు లైనుకి, మొహం కోర్టుకి. ఇద్దరు రెండు అంచుల్లో వెడల్పుగా పరిగెత్తాలి, అందరూ మధ్యకి దూరితే ఒక్క డిఫెండరు ముగ్గుర్ని ఆపేస్తాడు. బాల్ ఉన్నవాడు ఫ్రీ త్రో లైను దగ్గర వేగం తగ్గించి చూడాలి. ఖాళీ లేకపోతే ఆపేసి మామూలు ఆటలోకి వెళ్లాలి. ఆ ఆపేయడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే, కానీ దానికి చప్పట్లు రావు. ఒక్క మాట గట్టిగా చెప్తాం: ప్రాక్టీసులో అందరూ వంతులవారీగా బాల్ తేవాలి. పొడుగువాడూ తేవాలి, కొత్తగా వచ్చిన ఇంటర్ పిల్లాడూ తేవాలి. ఎవరి పని వాళ్లకి ముందే పంచేస్తే వేరేవాళ్లు మనకి చేసినదే మనం మన తమ్ముళ్లకి చేసినట్టు.

అసలు కష్టం డిఫెన్స్.

బాల్ పోగానే మనిషికి సహజంగా వచ్చేవి రెండు. ఒకటి, తల పట్టుకుని నిలబడటం. రెండు, "నా మనిషి ఎక్కడ" అని వెతకడం. రెండూ పనికిరావు. ముందు బుట్ట, తర్వాత బాల్, ఆ తర్వాతే మనిషి. మొదట చేరినవాడు బుట్ట కాపాడాలి, రెండోవాడు బాల్‌కి అడ్డం పడాలి, మిగతావాళ్లు ఎవరు దగ్గరుంటే వాళ్లని పట్టుకోవాలి. "నా మనిషి కాదు" అనే మాట ఆ నాలుగు సెకన్లలో చెల్లదు. ఇంకొకటి, మన టీము షాట్ వేసినప్పుడే వెనక్కి వెళ్లేవాళ్లు ఎవరో ముందే తేలి ఉండాలి. ముగ్గురు రీబౌండుకి, ఇద్దరు వెనక్కి అనుకుంటే, ఆ ఇద్దరు బాల్ షూటర్ చేతిలోంచి లేవగానే కదలాలి. పడుతుందా లేదా అని చూశాక కాదు.

దీనికి మేము ఎక్కువగా ఆడేది పేరు పిలిచే ఆట. అయిదుగురు కింది లైను మీద, ఎదురుగా అయిదుగురు ఫ్రీ త్రో లైను వరసలో నిలబడతారు. మంది లేకపోతే ముగ్గురు ముగ్గురు. నేర్పేవాళ్లు లైను మీద ఉన్నవాళ్లలో ఒకరికి బాల్ విసిరి, ఎదురుగా ఉన్నవాళ్లలో ఒకరి పేరు పిలుస్తారు. పేరు వచ్చినవాడు వెళ్లి కింది లైను తాకి రావాలి. అప్పటిదాకా మిగిలిన నలుగురు అయిదుగుర్ని ఆపాలి. ఆ కొద్ది సెకన్లలో మాట్లాడుకోని టీము చిల్లు పడిన కుండలా కారిపోతుంది. ఇంకోటి ముగ్గురి మీద ఇద్దరు. ముగ్గురు దాడి చేస్తారు, షాట్ వేసినవాడో బాల్ పోగొట్టినవాడో వెంటనే డిఫెండరవుతాడు, ఆ ఇద్దరూ వాడి మీదికి తిరిగి వస్తారు. ఒక్కడే ఇద్దర్ని ఆపాలి. మీద పడిపోకూడదు. వెనక్కి జరుగుతూ, బాల్ ఉన్నవాడి మీదికి వస్తున్నట్టు నటిస్తూ, ఇంకొక పాస్ వేయించాలి. ఒక్కో పాస్‌కి మన వెనకాల వచ్చేవాడికి ఒక అడుగు దొరుకుతుంది.

ఇది అర్థం కావాలంటే 2016 జూన్ 19న జరిగిన ఎన్‌బీఏ ఫైనల్ ఏడో మ్యాచ్ చూడండి. స్కోరు 89-89. ఇంకా రెండు నిమిషాలు కూడా లేవు. గోల్డెన్ స్టేట్ వాళ్లు ఇద్దరు, కర్రీ, ఇగుడాలా, బాల్ తీసుకుని వస్తున్నారు. క్లీవ్‌లాండ్ వైపు వెనక ఉన్నది జేఆర్ స్మిత్ ఒక్కడు. లెబ్రాన్ జేమ్స్ దూరం నుంచి ఉరికొచ్చి, ఇగుడాలా వేసిన బాల్‌ని బోర్డుకి అదిమేశాడు. పోస్టర్లన్నీ లెబ్రాన్‌వే. కానీ నెమ్మదిగా తిప్పి చూడండి. స్మిత్ చెయ్యి అడ్డం పెట్టాడు. దాన్ని తప్పించుకోవడానికి ఇగుడాలా గాల్లో బాల్‌ని కిందికి లాగి మళ్లీ పైకి లేపాల్సి వచ్చింది. ఆ రెప్పపాటే లెబ్రాన్‌కి దొరికింది. క్లీవ్‌లాండ్ 93-89తో గెలిచింది. లెబ్రాన్‌లా ఎగరడం నేర్పలేం. స్మిత్ చేసింది ఏ హాస్టల్లోనైనా నేర్పొచ్చు.

ఇప్పుడు మాట సంగతి. ఇక్కడే మన పిల్లలకి అసలు చిక్కు. వెనక్కి పరిగెత్తేటప్పుడు "బుట్ట నాది", "బాల్ నాది", "ఎడమ పక్క ఒకడు" అని అరవాలి. మన పిల్లలు అరవరు. క్లాసులో ప్రశ్న అడగని పిల్లాడు, మెస్సులో కూర చాలకపోయినా అడగని పిల్లాడు, కోర్టులో మాత్రం ఎలా అరుస్తాడు? చిన్నప్పటి నుంచి మన మాట యాసగా ఉందని నవ్వించుకుని నోరు మూసుకోవడం అలవాటైపోయింది. రింగు తెప్పించడం కన్నా ఇదే ఎక్కువ పని. మా దగ్గర ఒక ఏర్పాటు చేసుకున్నాం. కోర్టులో ఎవరి భాష వాళ్లదే. కొన్ని హాస్టళ్లలో ఇంటి భాష మాట్లాడితే ఇప్పటికీ కసురుతారు కదా, గ్రౌండులో ఆ రూలు లేదు అనుకున్నాం. కానీ మాలో కువి మాట్లాడేవాళ్లున్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లున్నారు, తెలుగు తప్ప రానివాళ్లూ ఉన్నారు. ఏ మాట ఎవరి భాషలో అని రెండ్రోజులు గొడవ. చివరికి "వెనక్కి" కువిలో, "నాది" ఒడియాలో, మిగతావి తెలుగులో. పొట్టి మాటలే పెట్టుకున్నాం. మ్యాచులో ఎదుటి టీముకి ఒక్క ముక్క అర్థం కాదు, అది అదనపు లాభం. అసలు లాభం వేరే. ఎప్పుడూ నోరు విప్పని ఒక తమ్ముడు ఇప్పుడు వెనక నుంచి నలుగురికీ చోటు చెప్పి నిలబెడుతున్నాడు. వాడు మా టీములో అందరికన్నా నెమ్మదిగా పరిగెత్తేవాడు.

ఇక రౌండ్ల విషయం. ఓడితే గ్రౌండు చుట్టూ ఇరవై రౌండ్లు, లేటుగా వస్తే పది, మాట్లాడితే అయిదు. దీన్నే కండిషనింగ్ అంటున్నారు. ట్రాన్సిషన్‌లో ఉండేది నాలుగైదు సెకన్ల ఉరుకు, ఆగడం, తిరగడం, మళ్లీ ఉరుకు. గ్రౌండు చుట్టూ ఒకే వేగంతో తిరిగితే అది రాదు. పైగా పరుగునే శిక్ష చేసేస్తే ఆటలో పరుగంటే ఇష్టం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకా పెద్ద విషయం, దయచేసి ఈ భాగం వార్డెన్లకి, పీడీలకి చూపించండి. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ ఎక్కువని మనందరికీ తెలుసు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, 40 ఏళ్ల లోపువాళ్లకి పరీక్ష అందులో భాగం. జబ్బు ఉన్నవాళ్లకి ఒంట్లో నీళ్లు తగ్గినా, చలి తగిలినా, మితిమీరి అలిసినా నొప్పులు విరుచుకుపడతాయి. వాళ్లు ఏం ఆడొచ్చో ఎంత ఆడొచ్చో డాక్టరు చెప్పాలి. అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్క వైపు నుంచే వచ్చినవాళ్లు, అంటే క్యారియర్లు, మామూలుగానే బతుకుతారు, బాగా ఆడతారు కూడా. కానీ ఎండలో, నీళ్లు లేకుండా, మధ్యలో ఆగనివ్వకుండా ఉరికిస్తే వాళ్లలోనూ అరుదుగా ప్రాణం మీదికి వస్తుంది. అమెరికాలో పెద్ద కాలేజీ టీముల ఆటగాళ్లకి ఈ పరీక్ష 2010 నుంచి నియమం. "అడవి బిడ్డలకి అలుపు రాదు" అన్న మాట ఇక్కడ పొగడ్త కాదు, ప్రమాదం. కాళ్లు, నడుము పట్టేసి నొప్పిగా ఉంది, ఊపిరి అందడం లేదు అని పిల్లాడు కూర్చుంటే నాటకం అనకండి. ఆపండి, నీళ్లివ్వండి, ఆసుపత్రికి పంపండి. పరీక్ష చేయించుకుని కార్డు దగ్గర పెట్టుకోవడం మన బాధ్యత. రెండు ఉరుకుల మధ్య ఊపిరి తీసుకునే టైము ఇవ్వడం నేర్పేవాళ్ల బాధ్యత.

కొందరు అన్నలు అంటారు, "గ్రూప్స్‌కి చదువుకునే వయసులో ఈ గెంతులేంటిరా" అని. చదువుకుంటూనే ఉన్నాం అన్నా. రోజుకి నలభై నిమిషాలు. అందులో ఇరవై ట్రాన్సిషన్‌కి ఇవ్వమంటున్నాం, అంతే.

చెల్లెళ్ల హాస్టళ్ల గురించి ఒక ముక్క. సాయంత్రం ఆరు దాటితే గేటు మూస్తారు, పొద్దున్న ఏడు దాకా తియ్యరు. గ్రౌండు వాళ్లకి దొరికేది ఎండ ఉన్నప్పుడే. మేము మా ప్రాక్టీసు ముందుకి జరిపి సాయంత్రం అయిదు నుంచి ఆరు వాళ్లకి వదిలేద్దామని అనుకున్నాం. వాళ్ల వార్డెన్ మేడం ఒప్పుకోవాలి. మీ దగ్గర ఒప్పించినవాళ్లు ఉంటే ఎలా అడిగారో చెప్పండి.

ఐటీడీఏ పీవో గారికి ఇవ్వడానికి అర్జీ రాస్తున్నాం. అందులో జెర్సీలు అడగడం లేదు, బూట్లు అడగడం లేదు. రెండో రింగు, బోర్డు, కోర్టు మీద గీతలు, మూడు బాళ్లు, ఆటల పిల్లలందరికీ సికిల్ సెల్ పరీక్ష. అంతే అడుగుతున్నాం. ఒక్క హాస్టల్ పేరు మీద ఇస్తే పక్కన పెడతారు. అందుకని మీ గ్రౌండులో ఎన్ని రింగులున్నాయో, అది స్కూలు హాస్టలా కాలేజీ హాస్టలా, ఏ మండలమో రాసి ఈ ఆదివారంలోగా పంపండి. స్తంభం ఉండి రింగు లేకపోతే అది కూడా రాయండి, వీలైతే ఫొటో పెట్టండి. అన్నీ కలిపి సోమవారం గ్రీవెన్స్‌కి పట్టుకెళ్తాం.